కష్టకాలంలో గ్రాంటు: లోకం మెచ్చని సలహాలు

2020 మార్చి మూడో వారానికి అమెరికాలో చాలా రాష్ట్రాలు రెస్టారెంట్లలో కూర్చుని తినడాన్ని ఆపేశాయి. ఎడిసన్‌లోనైనా ఇర్వింగ్‌లోనైనా మన తెలుగు రెస్టారెంట్లను నిలబెట్టేవి వారాంతపు బఫే, ఆఫీసువాళ్ల మధ్యాహ్న భోజనం, పెళ్లిళ్లకూ పుట్టినరోజులకూ క్యాటరింగ్. మూడూ దాదాపు ఒకేసారి పోయాయి. అద్దె, ఇన్సూరెన్సు, కరెంటు బిల్లు మాత్రం ఎప్పటిలాగే వచ్చాయి. బిర్యానీ పొట్లాలు కట్టి కారు దగ్గరికే తెచ్చి ఇస్తూ కొందరు నెట్టుకొచ్చారు. కొందరు తాళం వేశారు.

సర్కారు సాయం విడతలు విడతలుగా వచ్చింది. జీతాల కోసం పీపీపీ, తక్కువ వడ్డీకి ఈఐడీఎల్ అప్పు, ఉద్యోగులను తీసేయకుండా నిలుపుకున్నవారికి ఈఆర్‌సీ అనే పన్ను రాయితీ, చివరగా 2021లో రెస్టారెంట్ల కోసమే పెట్టిన గ్రాంటు. ఈ గ్రాంటు పూర్తి పేరు రెస్టారెంట్ రివైటలైజేషన్ ఫండ్. దీనికి 2,860 కోట్ల డాలర్లు కేటాయించారు. దరఖాస్తులు 2 లక్షల 78 వేలు దాటాయి. వాళ్లందరూ అడిగిన మొత్తం 7,200 కోట్ల డాలర్ల పైమాటే. డబ్బు అందింది సుమారు లక్షా ఒక వెయ్యి మందికి. అంటే దాదాపు మూడింట రెండు వంతుల మంది ఉత్తచేతులతో మిగిలారు.

ఆ రోజుల్లో మన వాట్సాప్ గ్రూపుల నిండా సలహాలే. "క్యాష్ అమ్మకాలు చూపించకు." "ఎంత వస్తే అంత లాగు." "అన్నా, మావాడున్నాడు, కమీషన్ తీసుకుని అంతా వాడే చూసుకుంటాడు." చిన్న వ్యాపారుల లెక్కలు దగ్గర నుంచి చూసే మనిషిగా నేను చెప్పబోయేవి వీటికి పూర్తిగా ఎదురు. వినగానే తప్పుడు సలహాల్లా తోస్తాయి. "ఇలాగైతే వ్యాపారం చేసినట్టే" అని ముఖం మీదే అన్నవాళ్లున్నారు. అయినా ప్రతి మాటా నమ్మే రాస్తున్నాను. మహమ్మారి మళ్లీ రావచ్చు, తుపాను రావచ్చు, ఊరంతా మూతపడే ఇంకేదైనా రావచ్చు. అప్పుడు పనికొచ్చే సలహాలు ఇప్పుడే వినాలి.

1. మంచి రోజుల్లో పన్ను ఎక్కువ కట్టండి

ఇది మొదటి సలహా, అన్నిటికన్నా ఎక్కువమంది కాదన్న సలహా. రెస్టారెంట్ గ్రాంటు లెక్క చాలా సూటిగా ఉండేది. 2019 మొత్తం అమ్మకాల్లోంచి 2020 అమ్మకాలు తీసేయాలి. మిగిలినదాంట్లోంచి అప్పటికే తీసుకున్న పీపీపీ సొమ్ము తీసేయాలి. మిగిలిందే గ్రాంటు. అమ్మకాలకు రుజువు మీ టాక్స్ రిటర్ను. పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ దగ్గర సరిచూసుకోవడానికి ఒప్పుకుంటూ మీరే ఫారంపై సంతకం పెట్టాలి.

ఉదాహరణకు ఒకాయన 2019లో నిజంగా 8 లక్షల డాలర్ల వ్యాపారం చేశాడనుకుందాం. అందులో 2 లక్షలు క్యాష్, అది పుస్తకంలో ఎక్కలేదు. రిటర్నులో ఉన్నది 6 లక్షలు. 2020లో జనం ఫోన్లో, యాపుల్లో ఆర్డర్ చేసి కార్డుతో డబ్బు కట్టారు కాబట్టి దాచడానికి క్యాషే లేదు. ఆ ఏడాది అమ్మకాలు 4 లక్షల 70 వేలు, అంతా రికార్డులో ఉంది. పీపీపీ 90 వేలు తీసుకున్నాడు. నిజాయితీ లెక్క ప్రకారం ఆయనకు 2 లక్షల 40 వేలు రావాలి. రిటర్ను ప్రకారం వచ్చేది 40 వేలు.

క్యాష్ దాచిన మనిషికి జరిగే అసలు నష్టం ఇదే. బతుకు బాగున్న ఏడాది కాగితం మీద చిన్నదవుతుంది, కూలిపోయిన ఏడాది ఉన్నది ఉన్నట్టు కనపడుతుంది. రెండింటికీ తేడా తగ్గిపోతుంది. సాయం ఇచ్చేది ఆ తేడాను బట్టే. పన్ను ఎగ్గొట్టడం నేరమన్న సంగతి ఎలాగూ ఉంది. అది పక్కన పెట్టి లాభనష్టాలే చూసినా, పూర్తి అమ్మకాలు చూపి కట్టిన పన్ను కష్టకాలానికి కట్టుకున్న ప్రీమియం. ప్రతి రాత్రీ గల్లా మూసేటప్పుడు క్యాషును కూడా పీఓఎస్ మెషీన్లో కొట్టండి.

2. పెద్ద బ్యాంకు వదిలి చిన్న బ్యాంకులో ఖాతా పెట్టండి

ఊరు ఊరునా బ్రాంచి ఉన్న బ్యాంకు, చక్కటి యాప్ ఉన్న బ్యాంకు సౌకర్యమే, కాదనను. కానీ 2020 ఏప్రిల్‌ను గుర్తు చేసుకోండి. పీపీపీ మొదటి విడతలో 34,900 కోట్ల డాలర్లు పెట్టారు. ఏప్రిల్ 3న దరఖాస్తులు మొదలైతే ఏప్రిల్ 16కల్లా డబ్బు అయిపోయింది. ఆ రెండు వారాల్లో అనేక పెద్ద బ్యాంకులు ముందు తమ దగ్గర అప్పటికే ఖాతానో అప్పో ఉన్నవాళ్ల దరఖాస్తులే తీసుకున్నాయి. పెద్ద మొత్తం అడిగిన పెద్ద కంపెనీలు ముందు వరసలో నిలిచాయి. వంటవాళ్లు నలుగురు, సర్వర్లు ముగ్గురు ఉన్న హోటలు కాగితం వెబ్‌సైటులోనే ఆగిపోయింది.

ఆ అన్యాయం కాంగ్రెస్‌కూ కనపడింది కాబట్టే ఏప్రిల్ 24న వచ్చిన రెండో విడతలో 6,000 కోట్ల డాలర్లను చిన్న బ్యాంకులకూ, క్రెడిట్ యూనియన్లకూ, సముదాయ రుణసంస్థలకూ ప్రత్యేకించారు. మీ పేరు తెలిసిన, మీ హోటల్లో ఒకసారైనా భోంచేసిన బ్యాంకు అధికారి ఉన్న చోట ఖాతా పెట్టుకోండి. చిన్న క్రెడిట్ లైన్ తీసుకుని సకాలంలో కడుతూ ఉండండి. అవసరం వచ్చిన రోజున కొత్త మనిషిగా క్యూలో నిలబడకూడదు. ఒకే పెద్ద బ్యాంకు మీద ఆధారపడటాన్ని తెలివి అంటారు గానీ, ఆపదలో ఫోను ఎత్తే మనిషి లేని ఖాతా సగం ఖాతానే.

3. కమీషన్ మనిషిని గుమ్మంలోనే ఆపండి

రెస్టారెంట్ నడిపే మనిషికి తీరిక ఉండదు. రాత్రి పదకొండుకు వంటగది కడిగించి ఇంటికెళ్లాక 20 పేజీల నిబంధనలు చదవమనడం నాకే కష్టంగా ఉంటుంది. అయినా చదవమనే చెబుతాను. ఎందుకంటే దరఖాస్తు మీద సంతకం మీది. అబద్ధానికి శిక్ష పడేది మీకు. కమీషన్ తీసుకున్నవాడి పేరు చాలాసార్లు ఆ కాగితంలో ఎక్కడా ఉండదు.

దీనికి ఈఆర్‌సీ పెద్ద ఉదాహరణ. 2020కి ఉద్యోగికి 5,000 డాలర్ల దాకా, 2021 మొదటి మూడు త్రైమాసికాలకు ఒక్కోదానికి 7,000 దాకా, అంతా కలిపితే 26,000 డాలర్ల వరకు. ఈ అంకె పట్టుకుని రేడియోలో, ఫోన్లలో, మెయిళ్లలో కంపెనీలు దిగాయి. "మీరు అర్హులే, మీ సీపీఏకి ఇది తెలీదు, వచ్చినదాంట్లో వాటా ఇస్తే చాలు" అన్నాయి. కానీ అర్హత అంత తేలిక కాదు. ప్రభుత్వ ఉత్తర్వు వల్ల వ్యాపారం పూర్తిగానో కొంతగానో ఆగి ఉండాలి, లేదా అమ్మకాలు బాగా పడిపోయి ఉండాలి. 2020లోనైతే ఒక త్రైమాసికంలో సగానికి పైగా పడిపోవడంతో ఆ అర్హత మొదలవుతుంది, 2021లోనైతే 20 శాతానికి పైగా తగ్గాలి. యజమాని దగ్గరి బంధువుల జీతాలు చాలావరకు లెక్కకు రావు. రాయితీ తీసుకుంటే ఆ మేరకు జీతాల ఖర్చు తగ్గించి పాత టాక్స్ రిటర్నులు సవరించాలన్నది అప్పటి నిబంధన. ఈ చివరి ముక్క కమీషన్ మనిషి చెప్పడు. చెబితే మీరు ఆగి ఆలోచిస్తారు.

ఈ దందా ఎంత ముదిరిందంటే 2023 సెప్టెంబర్ 14న ఐఆర్‌ఎస్ కొత్త క్లెయిముల పరిశీలనే ఆపేసింది. నిజంగా అర్హులైన చిన్న వ్యాపారుల డబ్బు కూడా దాంతో చిక్కుకుంది. అందుకే గుర్తుంచుకోండి: వచ్చినదాంట్లో శాతం అడిగేవాడికి క్లెయిము పెంచడంలోనే లాభం, నిజం చెప్పడంలో కాదు. మీ సీపీఏకి, అంటే పన్ను లెక్కలు చూసే అకౌంటెంటుకు, గంటల లెక్కన ఫీజు ఇవ్వండి, కాదు అని చెప్పినా ఫీజు ఇవ్వండి. "కాదు" అన్న మాటకు డబ్బిచ్చి బయటపడినవాడు తెలివైనవాడు.

4. ఒక జీతాన్ని ఒక్క చోటే చూపండి

సాయాలు నాలుగు ఉన్నాయి కాబట్టి నాలుగింటికీ అదే పేరోల్ కాగితం జతచేయవచ్చని చాలామంది అనుకున్నారు. అలా కుదరదు. పీపీపీ మాఫీకి చూపిన జీతాన్ని ఈఆర్‌సీకి చూపకూడదు. గ్రాంటు సొమ్ముతో చెల్లించిన జీతాన్ని మళ్లీ ఇంకో సాయంలో ఖర్చుగా రాయకూడదు. ఒక్కో సాయానికి ఒక్కో వరుస గీసుకుని, ఏ నెలలో ఏ వంటమనిషి జీతం ఏ ఖాతాలో పడిందో రాసుకోవాలి.

పీపీపీ లెక్కలో కూడా మొదట్లో గందరగోళం ఉండేది. సగటు నెల జీతాలకు రెండున్నర రెట్లు అప్పుగా ఇచ్చి, దాన్ని సరిగా ఖర్చు చేస్తే మాఫీ చేశారు. మొదట 75 శాతం జీతాలకే వాడాలన్నారు, 2020 జూన్‌లో దాన్ని 60 శాతానికి తగ్గించారు, ఖర్చు గడువును ఎనిమిది వారాల నుంచి 24 వారాలకు పెంచారు. రెండో విడత పీపీపీలో రెస్టారెంట్లకు మూడున్నర రెట్లు ఇచ్చారు. నిబంధన మారినప్పుడల్లా పాత వాట్సాప్ సందేశమే తిరుగుతూ ఉంటుంది. అందుకే చిన్న వ్యాపారాలకు ఈ సాయాలు చూసే సర్కారు సంస్థ ఎస్‌బీఏ నిబంధనల పుస్తకాన్ని దాని తేదీతో సహా దాచుకోండి. మీరు సంతకం చేసిన రోజున ఏ నిబంధన ఉందో రేపు మీరే చూపించాల్సి వస్తుంది.

ఒక సాయం తీసుకుంటే ఇంకో సాయం తగ్గుతుందని బాధపడకండి. పీపీపీ తీసుకున్నందుకు రెస్టారెంట్ గ్రాంటు ఆ మేరకు తగ్గిన మాట నిజమే. కానీ పీపీపీ చేతికొచ్చింది, గ్రాంటు మూడింట రెండు వంతుల మందికి రాలేదు. చేతికందిన సాయంతో జీతాలిచ్చినవాడే బాగుపడ్డాడు.

5. వాటాలు భార్య పేరు మీదకు మార్చకండి

గ్రాంటు మొదటి 21 రోజులు మహిళలు, మాజీ సైనికులు, సామాజికంగానూ ఆర్థికంగానూ వెనకబడినవారు కనీసం 51 శాతం వాటా కలిగిన వ్యాపారాలకే డబ్బు విడుదల చేస్తామన్నారు. ఆ మాట రాగానే "వదిన పేరు మీద పెట్టేయ్" అన్న సలహా మొదలైంది. నిజంగా ఆవిడే కౌంటరు చూసుకుంటూ, చెక్కులు సంతకం చేస్తూ, వ్యాపారం నడిపిస్తుంటే అది ఆవిడ హక్కు, గర్వంగా రాసుకోవాలి. కానీ దరఖాస్తు కోసమని పేరు మార్చడం మోసం. రేపు వాటాదారులు విడిపోయినా, కుటుంబంలో తేడా వచ్చినా ఆ కాగితమే కోర్టుకెక్కుతుంది.

పైగా చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. భారత ఉపఖండం నుంచి వచ్చిన ఆసియా అమెరికన్లు సామాజికంగా వెనకబడినవారి జాబితాలో అప్పటికే ఉన్నారు. ఆర్థిక షరతు కూడా కుదిరినవారికి పేరు మార్చాల్సిన పనే లేదు. నిబంధన చదివినవాడికి నిజం చెప్పినా సరిపోయింది. చదవనివాడు అనవసరంగా అబద్ధానికి దిగాడు.

6. మంజూరు ఉత్తరం వచ్చినా డబ్బు రానట్టే నడవండి

గ్రాంటు దరఖాస్తులు 2021 మే 3న తెరిచారు, మే 24న తీసుకోవడం ఆపేశారు. పైన చెప్పిన వర్గాలకు ముందువరుస ఇవ్వడం చెల్లదంటూ టెన్నెసీ, టెక్సాస్ లాంటి చోట్ల రెస్టారెంట్ యజమానులు కోర్టుకెళ్లారు. మే నెలాఖరుకే ఆరో సర్క్యూట్ అప్పీలు కోర్టు వాళ్ల వైపు మొగ్గింది. ఇలాంటి కోర్టు తీర్పులతో ముందువరుసలో మంజూరైన 2,965 మందికి డబ్బు ఇవ్వలేమని ఎస్‌బీఏ కబురు పంపింది. వాళ్లు ఏ తప్పూ చేయలేదు. కాగితాలు సరిగ్గా ఉన్నాయి, మంజూరైంది, అంతా అయింది. డబ్బు మాత్రం రాలేదు.

మంజూరు ఉత్తరం చూసి లీజు పొడిగించుకున్నవాడి గతి ఏమిటి? కొత్త ఫ్రిజ్ ఆర్డర్ ఇచ్చినవాడి గతి ఏమిటి? అందుకని చెబుతున్నాను: ఖాతాలో పడేదాకా ఒక్క డాలరు కూడా ఖర్చుకు రాయకండి. మంజూరు ఉత్తరం చూపించి ల్యాండ్‌లార్డుకు గడువు అడగవచ్చు, అది వేరు. దాన్ని నమ్మి కొత్త అప్పు చేయకండి. ఇలా అంటే పిరికి మాటంటారు. అయినా ఇదే చెబుతాను.

7. ల్యాండ్‌లార్డుకు మీ లెక్కలు చూపించండి

వ్యాపారం దెబ్బతిన్నదని ల్యాండ్‌లార్డుకు తెలియనీయకూడదని, తెలిస్తే ఖాళీ చేయిస్తాడని భయం. నేను తలకిందులుగా చెబుతాను. నెలనెలా అమ్మకాల కాగితం తీసుకెళ్లి ఎదురుగా పెట్టండి. 2020లో ఖాళీ అయిన మాల్‌లో కొత్త కిరాయిదారు దొరకడం ఎంత కష్టమో ఆయనకే ఎక్కువ తెలుసు. అద్దెలో కొంత వాయిదా వేయమని, ఆ కొంతను లీజు చివర్లో కలపమని రాతపూర్వకంగా అడగండి. నోటిమాట ఒప్పందం వద్దు. లీజుకు మీరు వ్యక్తిగత హామీ ఇచ్చి ఉంటే ఆ పేజీ ముందు చదవండి. హోటలు మూసినా ఆ హామీ మీ మీద నిలుస్తుంది.

8. సాయం సొమ్ము ఊరికి పంపకండి

ఇది మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. అప్పట్లో ఈఐడీఎల్ అప్పు వడ్డీ 3.75 శాతం, గడువు 30 ఏళ్లు. "ఇంత తక్కువకు అప్పు ఎక్కడ దొరుకుతుంది? హైదరాబాద్ శివారులో ప్లాటు కొను, ఏడేళ్లలో రెట్టింపవుతుంది" అన్న సలహా వినని తెలుగు వ్యాపారి తక్కువ. వినొద్దు. ఆ డబ్బు అదే వ్యాపారం నడవడానికి, జీతాలు, అద్దె, సరుకు, బాకీలకే ఇచ్చారు. వేరేచోట పెడితే అప్పు షరతు ఉల్లంఘించినట్టే.

అది అప్పని కూడా చాలామంది మరచిపోయారు. మొదట్లో ఉద్యోగికి వెయ్యి చొప్పున 10,000 డాలర్ల దాకా ఇచ్చిన అడ్వాన్సు తిరిగి ఇవ్వక్కర్లేదు. మిగిలిన పెద్ద మొత్తం నెలనెలా కట్టాల్సిందే. 25,000 డాలర్లు దాటితే వ్యాపార ఆస్తులు తాకట్టు. 2 లక్షలు దాటితే యజమాని వ్యక్తిగత హామీ. పొయ్యిలు, ఫ్రిజ్‌లు, బల్లలు అన్నీ ఆ తాకట్టు కిందికి వస్తాయి కాబట్టి రేపు హోటలు అమ్ముకుందామన్నా ఎస్‌బీఏ ఒప్పుకోవాలి. అర్హత ఎంత ఉందో అంత తీసుకోకండి, ఆరు నెలలు తలుపు తెరిచి ఉంచడానికి ఎంత కావాలో అంతే తీసుకోండి.

గ్రాంటు సొమ్మునూ వ్యాపారానికే వాడాలన్నది నియమం. జీతాలు, అద్దె, కరెంటు, సరుకు, బయట కూర్చోబెట్టే ఏర్పాట్లు, మరమ్మతులు లాంటి ఖర్చులకు 2023 మార్చి 11 దాకా వాడుకోవచ్చన్నారు. వాడని సొమ్ము తిరిగి ఇవ్వాలన్నారు. ఇలాంటి సొమ్ము రాగానే దానికి వేరే ఖాతా తెరవండి. మీ సొంత డబ్బుతో కలపకండి. ఆ ఖాతాలోంచి వెళ్లిన ప్రతి చెక్కుకూ ఒక బిల్లు ఉండాలి. అప్పుడు ఆడిట్ ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది.

9. మీది కాని సొమ్ము తిరిగి ఇచ్చేయండి

ఈ సలహాకు నన్ను తిట్టినవాళ్లే ఎక్కువ. 2020 ఏప్రిల్‌లో షేక్ షాక్ అనే పెద్ద రెస్టారెంట్ గొలుసు తనకు వచ్చిన కోటి డాలర్ల పీపీపీని తిరిగి ఇచ్చేసింది. అంత పెద్ద కంపెనీ సాయం తీసుకోవడం మీద విమర్శ వచ్చాక ఇచ్చింది, ఆ సంగతీ చెప్పాలి. అయినా ఇచ్చింది. ఆ డబ్బు మళ్లీ చిన్నవాళ్లకు చేరే దారి తెరుచుకుంది.

ఈఆర్‌సీ పొరపాటున తీసుకున్నవారికి ఐఆర్‌ఎస్ 2023 డిసెంబర్‌లో ఒక అవకాశం ఇచ్చింది. తీసుకున్నదాంట్లో 80 శాతం తిరిగి కడితే చాలు, జరిమానా వద్దంది. మరుసటి ఏడాది ఇంకో విడతలో 85 శాతం అంది. కట్టినవాళ్లు రాత్రి నిద్రపోతున్నారు. "వాళ్లు అడిగినప్పుడు చూద్దాంలే" అన్నవాళ్లకు ఆ గడువులు ఇక లేవు. వాళ్లకు కూడా నా మాట అదే: నిజాయితీ ఉన్న సీపీఏ దగ్గర కూర్చుని సవరణ రిటర్ను వేయండి. అడిగేదాకా ఆగితే అసలు, జరిమానా, వడ్డీ మూడూ కలుస్తాయి.

10. సాయం కాగితాలు పదేళ్లు దాచండి

మామూలు టాక్స్ కాగితాలు కొన్నేళ్ల తర్వాత పారేయవచ్చని అందరికీ అలవాటు. పీపీపీ, ఈఐడీఎల్ మోసాలపై కేసు పెట్టడానికి ఉన్న గడువును 2022 ఆగస్టులో పదేళ్లకు పెంచారు. అంటే 2020లో తీసుకున్నదానికి 2030లోనూ ప్రశ్న రావచ్చు. అప్పటికి మీ మేనేజరు మారతాడు, మీ పేరోల్ కంపెనీ మారుతుంది, పీఓఎస్ మెషీన్ మారి పాత రిపోర్టులు తెరుచుకోవు. అందుకని ఇప్పుడే అన్నీ ప్రింటు తీసి పెట్టెలో పెట్టండి. పేరోల్ రిపోర్టులు, త్రైమాసిక 941 ఫారాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, అద్దె చెక్కులు, మాఫీ ఉత్తరం, గ్రాంటు దరఖాస్తు, ఖర్చుల నివేదిక, ప్రతి ఒక్కటీ. నేరం చేయనివాడికి కాగితం ఎందుకంటారు. నేరం చేయలేదని చూపించేది కాగితమే.

11. మీకు వచ్చినా, రానివారి కోసం అడగండి

గ్రాంటు రాని లక్షా డెబ్బై వేల పైచిలుకు రెస్టారెంట్ల కోసం అమెరికన్ కాంగ్రెస్‌లో ప్రయత్నం జరిగింది. 2022 మే 19న సెనేట్‌లో దాన్ని ముందుకు తీసుకెళ్లడానికి 60 ఓట్లు కావాలి. 52 వచ్చాయి. అంతటితో ఆగిపోయింది. ఆ ఓటుకు ముందు తమ సెనేటరుకు ఫోన్ చేసిన తెలుగు యజమానులు ఉన్నారు. వాళ్లలో గ్రాంటు అప్పటికే వచ్చినవాళ్లు ఎంతమంది? మనకు వచ్చేసింది కదా అని ఊరుకున్నవాళ్లే ఎక్కువ. వచ్చినవాడి మాటకే బరువు ఎక్కువ. ఈ డబ్బుతో నేను ఇంతమంది జీతాలు నిలబెట్టాను, పక్కవాడికి రాలేదు కాబట్టి మూసేశాడు అని చెప్పగలిగేది అతనే.

పోటీ హోటలు మూతపడితే మనకు మంచిదని అనుకోవడం వ్యాపారంలో మామూలే. కానీ తెలుగు వీధిలో ఒక హోటలు మూసినప్పుడు మన వంటమనుషులకు పని పోతుంది, మన కిరాణా దుకాణానికి బియ్యం బస్తాలు అమ్ముడుపోవు, ఆ వీధికి జనం రావడం తగ్గుతుంది. కాబట్టి పక్కవాడు దరఖాస్తు నింపేటప్పుడు తోడు కూర్చోండి, మీ కాగితాల నమూనా ఇవ్వండి, సరైన సీపీఏ పేరు చెప్పండి.

ఈ పదకొండింటిలో ఏ ఒక్కటీ డబ్బును వేగంగా తెచ్చిపెట్టదు. లోకం చెప్పే చిట్కాలు ఒక్క ఏడాది లాభం చూసి చెప్పినవి. ఇవి పదేళ్లు చూసి చెప్పినవి. సర్కారు సాయం మహమ్మారి వచ్చాక తెరుచుకుంటుంది. దాన్ని అందుకునే అర్హత మాత్రం మహమ్మారికి ముందే, మామూలు రోజుల్లో, ప్రతి రాత్రి గల్లా లెక్కలో తయారవుతుంది. వీటిలో ఒక్కటే పాటించే ఓపిక ఉంటే మొదటిది పాటించండి. ఈ నెల అమ్మకాలన్నీ, క్యాషుతో సహా, ఈ నెలలోనే పుస్తకంలో ఎక్కించండి.